739 మీటర్ల రన్‌వే.. ఆ చివర గండకీ నది

* ముక్తినాథ్ యాత్రికులు తెలుసుకోవలసిన జోమ్‌సోమ్ ప్రమాదం
* వెనుక గాలితో దిగిన విమానం.. ఆగలేక, లేవలేక నదిలోకి
* 2012లో 15 మంది మృతి.. 2013లో అందరూ క్షేమం

తెలుగువారి పూజామందిరాలలో తరతరాలుగా అర్చనలందుకుంటున్న సాలగ్రామాలకు పుట్టినిల్లు నేపాల్‌లోని కాళీ గండకీ నది. ఆ నదీ లోయకు ఎగువన, సుమారు 3,700 మీటర్ల ఎత్తున ముక్తినాథ్ క్షేత్రం ఉంది. వైష్ణవులు పరమపవిత్రంగా భావించే 108 దివ్యదేశాలలో తిరుమల, అహోబిలం సరసన దీనికీ స్థానముంది. కనుకనే మన పల్లెలు, పట్టణాల నుంచి కూడా వయసు మళ్లిన దంపతులు, భజన బృందాల వారు జీవితంలో ఒక్కసారైనా అక్కడి 108 ధారల కింద తల తడుపుకోవాలని బయలుదేరుతుంటారు.

ఈ యాత్రలో అందరినీ ఆకర్షించేది, అదే సమయంలో గుండె దడ పుట్టించేది పోఖరా నుంచి జోమ్‌సోమ్ వరకు సాగే విమాన ప్రయాణం. పట్టుమని 20 నిమిషాలు. కొండదారిలో రోజంతా పట్టే ప్రయాణం ఆ కొద్దిసేపటిలో ముగుస్తుంది. అయితే 2013 మే 16 ఉదయం ఆ 20 నిమిషాల ప్రయాణం చివరి అరనిమిషంలో అదుపు తప్పింది. 21 మందితో దిగిన చిన్న విమానం రన్‌వేపై ఆగలేక, తిరిగి గాలిలోకి లేవలేక కంచె దాటి కాళీ గండకీ నదిలోకి జారిపోయింది. ఒక్క ప్రాణం కూడా పోలేదు. కానీ అది ఎందుకు జరిగిందో తెలుసుకుంటే పొట్టి రన్‌వేల అసలు స్వభావం అర్థమవుతుంది. యాత్రికుడిగా మనం చేయగలిగింది ఏమిటో కూడా తెలుస్తుంది.

రెండు మహాపర్వతాల నడుమ

జోమ్‌సోమ్ నేపాల్‌లోని ముస్తాంగ్ జిల్లా కేంద్రం. ఒక పక్క 8,167 మీటర్ల ధవళగిరి, మరో పక్క 8,091 మీటర్ల అన్నపూర్ణ. ఈ రెండింటినీ చీల్చుకుంటూ కాళీ గండకీ ప్రవహిస్తుంది. ప్రపంచంలోని అత్యంత లోతైన లోయలలో ఇదొకటి. పోఖరా నుంచి వచ్చే చిన్న విమానాలు శిఖరాల మీదుగా కాక, ఈ లోయ వెంబడే, ఇరువైపులా కొండలను చూసుకుంటూ ఎగురుతాయి.

విమానాశ్రయం సముద్రమట్టానికి 2,736 మీటర్ల ఎత్తున ఉంది. రన్‌వే పొడవు 739 మీటర్లు. శంషాబాద్ విమానాశ్రయంలోని ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అంటే జోమ్‌సోమ్ రన్‌వే దానిలో దాదాపు ఆరో వంతు మాత్రమే. పెద్ద విమానాలు ఇక్కడ దిగడం అసాధ్యం. తక్కువ దూరంలో దిగి, తక్కువ దూరంలోనే లేవగలిగే ట్విన్ ఆటర్, డోర్నియర్ వంటి 20 సీట్ల లోపు విమానాలే నడుస్తాయి.

ఈ రన్‌వేకు రెండు దిశలు, రెండు అంకెలు. ఈశాన్యం వైపు ముఖం పెట్టి దిగితే 06, నైరుతి వైపు ముఖం పెట్టి దిగితే 24. దిక్సూచిపై 60 డిగ్రీలు, 240 డిగ్రీలు అన్నదే వీటి అర్థం. చివరి సున్నాను వదిలి పిలవడం ప్రపంచమంతటా పైలట్ల వాడుక. ఈ రెండు అంకెలను పాఠకులు గుర్తుంచుకోవాలి. 2013 నాటి ప్రమాదమంతా ఈ రెండింటిలో ఒకదానిని ఎంచుకోవడంతోనే మొదలైంది.

ఆ ఉదయం ఏం జరిగింది?

నేపాల్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన ట్విన్ ఆటర్ విమానం ఆ రోజు ఉదయం పోఖరాలో బయలుదేరింది. 18 మంది ప్రయాణికులు, ముగ్గురు సిబ్బంది. ప్రయాణికులలో జపాన్ పర్యాటకులు కూడా ఉన్నారు. 8.30 గంటల ప్రాంతంలో విమానం జోమ్‌సోమ్‌ను సమీపించింది.

నైరుతి దిశ నుంచి 8 నుంచి 12 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 15 నుంచి 22 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తోందని కంట్రోల్ టవర్ తెలిపింది. విమానాలు గాలికి ఎదురుగా దిగడం రివాజు. నైరుతి గాలికి ఎదురుగా దిగాలంటే 24 దిశను ఎంచుకోవాలి. సిబ్బంది మాత్రం 06 దిశను కోరారు. ఆ దిశలో దిగితే గాలి వెనుక నుంచి తోస్తుంది. ఆ సంగతి తెలిసే పైలట్ అందుకు అంగీకరించారు.

విమానం రన్‌వే మొదటి అంచు వద్ద కాక చాలా లోపలికి వచ్చాక నేలను తాకింది. కొద్ది దూరం పరుగెత్తి కుడివైపు పచ్చిక మీదకు తప్పింది. తిరిగి రన్‌వే మీదకు వచ్చింది. అప్పటికే సగానికి పైగా దూరం ఖర్చయిపోయింది. ఆ దశలో పైలట్ ఆగే ప్రయత్నం వదలి, ఇంజిన్లకు పూర్తి శక్తినిచ్చి మళ్లీ గాలిలోకి లేవాలని చూశారు. తగిన వేగం లేదు. పరుగు తీయడానికి రన్‌వే మిగలలేదు. విమానం కంచెను దాటి నదిలోకి పడింది. ముందు భాగం బాగా దెబ్బతింది. పలువురు తీవ్రంగా గాయపడ్డారు. అయినా విమానంలోని 21 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

వెనుక గాలి చేసే నష్టం

గంటకు 15, 20 కిలోమీటర్ల గాలి అంటే మన ఊళ్లో వడ్లు తూర్పారబట్టడానికి అనువైన గాలి. దానికి ఇంత కథ ఉంటుందా అనిపించవచ్చు. లెక్క వేసి చూస్తే తెలుస్తుంది.

విమానాన్ని గాలిలో నిలిపేది నేల మీది వేగం కాదు, రెక్కల మీదుగా సాగే గాలి వేగం. ఎదురు గాలి ఉంటే ఆ మేరకు నేల మీద వేగం తగ్గుతుంది. వెనుక గాలి ఉంటే ఆ మేరకు పెరుగుతుంది.

దీనికి తోడు ఎత్తు ప్రభావం ఒకటి. జోమ్‌సోమ్ ఎత్తులో గాలి సాంద్రత సముద్రతీరంతో పోలిస్తే దాదాపు నాలుగో వంతు తక్కువ. గాలి పలుచనైతే అదే బరువును మోయడానికి రెక్కలు మరింత వేగంగా కదలాలి. పైలట్ ముందున్న వేగమాపకం తీరప్రాంతంలో చూపిన అంకెనే ఇక్కడా చూపుతుంది. అసలు వేగం మాత్రం దానికన్నా 14 శాతం వరకు ఎక్కువగా ఉంటుంది.

ఉదాహరణకు వేగమాపకం గంటకు 130 కిలోమీటర్లు చూపుతున్నదనుకుందాం. ఆ ఎత్తులో అసలు వేగం సుమారు 148 కిలోమీటర్లు. గాలి వేగం 18 కిలోమీటర్లు అయితే ఎదురు గాలిలో చక్రాలు నేలను తాకేది 130 కిలోమీటర్ల వేగంతో. వెనుక గాలిలో 166 కిలోమీటర్ల వేగంతో. తేడా 36 కిలోమీటర్లే కదా అనుకోరాదు. కదిలే వస్తువును ఆపడానికి కావలసిన శ్రమ వేగంతో పాటు కాక, వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. ఆ లెక్కన వెనుక గాలిలో దిగిన విమానాన్ని ఆపడానికి 60 శాతానికి పైగా ఎక్కువ శ్రమ కావాలి. నాలుగు కిలోమీటర్ల రన్‌వేపై ఈ అదనపు దూరం కలిసిపోతుంది. 739 మీటర్ల రన్‌వేపై అదే చావు బతుకుల తేడా అవుతుంది.

పైగా వెనుక గాలిలో విమానం త్వరగా నేలకు వాలదు. ముందుకు తేలుతూ పోతుంది. అలా తేలిన ప్రతి మీటరూ ఆగడానికి ఉన్న దూరంలో నుంచే తరుగుతుంది.

తేల్చింది ఇదీ

నేపాల్ ప్రభుత్వం నియమించిన దర్యాప్తు సంఘం యంత్రాన్ని తప్పుపట్టలేదు. పొట్టి రన్‌వేలపై దిగేందుకు నిర్దేశించిన పద్ధతిని కెప్టెన్ సరిగా పాటించకపోవడం, తగిన వేగం, రెక్కలకు తగిన బలం, పరుగుకు తగిన దూరం లేని స్థితిలో తిరిగి పైకి లేవబోవడం ప్రమాదానికి కారణమని తేల్చింది.

ఇందులో రెండో కారణం ఆలోచించదగ్గది. దిగిన తరువాత మనసు మార్చుకోవడం సాధారణ విమానాశ్రయంలో తప్పు కాదు. తేడా కనిపిస్తే మళ్లీ లేచి, ఒక చుట్టు తిరిగి రావడం పైలట్లకు నేర్పే పాఠాలలో ఒకటి. కానీ పొట్టి రన్‌వేపై చక్రాలు తాకిన తరువాత ఆ అవకాశం క్షణాలలో కరిగిపోతుంది. బ్రేకులు వేయాలా, శక్తి పెంచాలా అన్న ఊగిసలాటలో రెండింటికీ కావలసిన దూరం లేకుండా పోతుంది. ఆగాలనుకుంటే చివరిదాకా ఆగడానికే ప్రయత్నించాలి. లేవాలనుకుంటే నేలను తాకకముందే నిర్ణయించుకోవాలి.

ఏడాది ముందు విషాదం

నేలను తాకకముందు తీసుకున్న నిర్ణయం కూడా ఆలస్యమైతే ఏమవుతుందో అంతకు సుమారు ఏడాది ముందు ఇదే జోమ్‌సోమ్ చూసింది.

2012 మే 14న అగ్ని ఎయిర్ సంస్థకు చెందిన డోర్నియర్ విమానం పోఖరా నుంచి 21 మందితో వచ్చింది. వారిలో 16 మంది భారతీయులు. దిగే ప్రయత్నాన్ని విరమించుకున్న పైలట్ పోఖరాకు తిరిగి వెళుతున్నట్లు చెప్పి, ఇరుకైన లోయలోనే విమానాన్ని వెనక్కి తిప్పబోయారు. తక్కువ వేగంతో, పట్టు చాలనంత బిగువుగా తిప్పిన విమానం కొండవాలును ఢీకొంది. ఇద్దరు పైలట్లు, 13 మంది భారతీయులు దుర్మరణం పాలయ్యారు. ఆరుగురు బతికారు. 'పా' చిత్రంలో నటించిన బాలనటి తరుణి సచ్‌దేవ్, ఆమె తల్లి మృతులలో ఉన్నారు. ఆ రోజు ఆ బాలిక 14వ పుట్టినరోజు.

ఒక ప్రమాదంలో పైలట్ దిగిన తరువాత లేవబోయారు. మరొక దానిలో దిగకుండా మళ్లబోయారు. పైకి చూస్తే ఒకదానికొకటి విరుద్ధం. లోతుగా చూస్తే రెండింటిదీ ఒకటే లోపం. లోయ విశాలంగా ఉన్నచోట, ఎత్తు చేతిలో ఉన్నప్పుడు తీసుకోవలసిన నిర్ణయం దారులన్నీ మూసుకుపోయిన చోట తీసుకున్నారు. ఎక్కువ ఎత్తున, ఎక్కువ వేగంతో తిప్పితే విమానం క్షేమంగా మళ్లుతుంది. తక్కువ ఎత్తున, తక్కువ వేగంతో తిప్పితే రెక్కలు పట్టు కోల్పోతాయి.

తెల్లవారుజామునే ఎందుకు?

జోమ్‌సోమ్ విమానాలు ఉదయం పూటే నడుస్తాయి. దానికి కారణం ఈ లోయ గాలి. పొద్దెక్కేకొద్దీ ఉత్తరాన టిబెట్ పీఠభూమి వేడెక్కుతుంది. అక్కడి వేడి గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీని నింపడానికి దక్షిణపు చల్లగాలి ఈ లోయగుండా గొట్టంలో దూరినట్లు పరుగెడుతుంది. మధ్యాహ్నానికి అది మనిషిని నిలబడనివ్వనంత జోరందుకుంటుంది. కనుక ఉదయం కొద్ది గంటలలోనే రాకపోకలన్నీ ముగించాలి.

ఈ తొందరలోనే చిక్కు ఉంది. పోఖరాలో మబ్బు విడకపోతే విమానం ఆలస్యమవుతుంది. విమానం కదిలేసరికి అవతల గాలి మొదలవుతుంది. ఇవతల ఎదురుచూసే ప్రయాణికులు అసహనంతో ఉంటారు. వారిలో చాలామందికి తిరుగు రైలు, తిరుగు విమానం టిక్కెట్లు ముందే తీసి ఉంటాయి. ఈ ఒత్తిడి ఏ దర్యాప్తు నివేదికలోనూ అంకెగా కనిపించదు. అయినా కొండ ప్రాంత విమానయానంలో అది ఎప్పుడూ ఉండేదే.

ప్రమాదం దిగేచోట మాత్రమే పొంచి ఉండదు. 2016 ఫిబ్రవరి 24న పోఖరా నుంచి జోమ్‌సోమ్ వెళుతున్న తారా ఎయిర్ ట్విన్ ఆటర్ దారిలో కొండను ఢీకొని 23 మంది మరణించారు. 2022 మే 29న అదే మార్గంలో అదే సంస్థ విమానం కూలి, నలుగురు భారతీయులు సహా 22 మంది ప్రాణాలు కోల్పోయారు. నేపాల్‌లో విమాన భద్రతపై ఆందోళనతో ఐరోపా సంఘం 2013 డిసెంబరులో ఆ దేశ విమాన సంస్థలన్నింటినీ తన గగనతలంలో ఎగరకుండా నిషేధించింది.

యాత్రికులు ఏం చేయాలి?

విమానం నడిపేది మనం కాదు. అయినా మన చేతిలో ఉన్నవి కొన్ని లేకపోలేదు.

* ప్రయాణ ప్రణాళికలో పోఖరా వద్ద కనీసం ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. తిరుగు టిక్కెట్టు మరునాటికే తీసుకుని కూర్చుంటే విమానం రద్దయిన పూట మనశ్శాంతి ఉండదు.

* వీలైనంత వరకు ఉదయం మొదటి విమానానికి టిక్కెట్టు తీసుకోవాలి. గాలి తక్కువగా ఉండే వేళ అదే.

* రద్దయినా, దారిలో నుంచి తిరిగి వచ్చినా సిబ్బందితో వాగ్వాదానికి దిగరాదు. వెనక్కి మళ్లిన విమానం తన పని సరిగా చేసినట్లే.

* సామాను బరువు దాచరాదు. 20 సీట్ల లోపు విమానంలో ప్రతి కిలో లెక్కకు వస్తుంది. పలుచని గాలిలో బరువు పెరిగితే దిగే వేగం, ఆగే దూరం రెండూ పెరుగుతాయి. సంచిలో దాచి తెచ్చే సామాను అందరికీ భారమే.

* విమానం పూర్తిగా ఆగేవరకు నడుము బెల్టు విప్పరాదు. కిటికీలో నుంచి ఫొటోలు తీయడానికి లేచి నిలబడరాదు. ప్రమాదాలు చివరి నిమిషంలోనూ జరుగుతాయి.

* ఎక్కగానే అత్యవసర ద్వారం ఎక్కడుందో చూసుకోవాలి. పెద్దలతో వెళ్లినవారు ఆ సంగతి వారికి తెలుగులో చెప్పాలి. సిబ్బంది చెప్పే భాష అందరికీ అర్థం కాదు.

* పోఖరా నుంచి బేని మీదుగా జోమ్‌సోమ్‌కు రోడ్డు మార్గం ఉంది. కష్టమైన దారే. వానాకాలంలో కొండచరియలు విరిగిపడుతుంటాయి. కనుక అది ప్రమాదం లేని దారి అని కాదు. విమానం రద్దయితే యాత్ర ఆగిపోయినట్లు కాదని తెలుసుకోవడానికి మాత్రం ఆ దారి ఉపయోగపడుతుంది.

* బృందాన్ని తీసుకెళ్లే నిర్వాహకుడిని బయలుదేరక ముందే రెండు ప్రశ్నలు అడగాలి. విమానం రద్దయితే ఏం చేస్తారు? ఆ అదనపు రోజుల వసతి, భోజనం ఖర్చు ఎవరిది? ఈ రెండింటికీ సూటిగా జవాబు చెప్పలేని వారి వెంట పెద్దలను పంపకపోవడమే మేలు.

వెనక్కి రావడం అపశకునం కాదు

మన పెద్దలు దూరయాత్రకు బయలుదేరాక దర్శనం కాకుండా తిరిగి రావడాన్ని కీడుగా భావిస్తారు. ఇంటి నుంచి ముడుపు కట్టుకుని, అప్పగింతలు పెట్టుకుని వెళ్లిన మనిషి పోఖరాలో మూడు రోజులు కూర్చుని వెనక్కి రావడమంటే మనసుకు కష్టమే. ఆ కష్టాన్ని ఎవరూ తక్కువ చేయనవసరం లేదు.

కానీ జోమ్‌సోమ్‌లో ఏడాది తేడాతో జరిగిన రెండు ప్రమాదాలూ చెబుతున్నది ఒక్కటే. పొట్టి రన్‌వేపై భద్రత అన్నది బ్రేకులలో లేదు, ఇంజిన్‌లో లేదు. ఈ పూట గాలి అనుకూలంగా లేదు, దిగవద్దు అని సకాలంలో అనుకోగలగడంలో ఉంది. పైలట్ ఆ మాట అనుకోవడానికి జంకకూడదు. వెనుక సీట్లలోని మనం ఆ మాటకు నొచ్చుకోకూడదు. గండకీ నది ఎన్ని యుగాలుగానో ప్రవహిస్తున్నది. స్వామి అక్కడే ఉంటాడు. దర్శనం మరునాటికి వాయిదా పడితే పోయేది ఒక పూట మాత్రమే.